కుక్కల్లో ఎండోస్కోపీ, బయాప్సీ: పనికొచ్చే ముక్క తీసి ల్యాబుకు చేర్చడం ఎలా?

నెల రోజులుగా విరేచనాలు తగ్గని లాబ్రడార్‌కు మత్తిచ్చి, స్కోప్ (కెమెరా ఉన్న వంగే గొట్టం) వేసి, పేగులోంచి నాలుగు ముక్కలు తుంచి, అన్నీ ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి పంపారనుకోండి. వారం తర్వాత వచ్చే రిపోర్టు చాలాసార్లు ఇలా ఉంటుంది: ‘విల్లై (పేగు లోపొర మీది వేళ్ల లాంటి మొలకలు) కొనలు మాత్రమే ఉన్నాయి, నిర్ధారణకు చాలవు.’ డబ్బు ఖర్చయింది, కుక్క పస్తు ఉంది, జబ్బు పేరు మాత్రం తేలలేదు. ఇలాంటి కేసుల్లో స్కోప్ తప్పు ఉండేది తక్కువ. కుక్కను ఎంచుకున్న తీరులోనో, ముక్క తుంచిన తీరులోనో, తుంచాక దాన్ని పట్టుకున్న తీరులోనో తేడా వస్తుంది. క్లినిక్‌లో కొత్తగా స్కోప్ పెట్టుకున్న డాక్టర్ల కోసం ఆ మూడు చోట్లా ఏం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం.

స్కోప్ పెట్టెలోంచి బయటికి తీసే ముందు

వాంతులు, విరేచనాలు, బరువు తగ్గడం 3 వారాలు దాటితేనే దాన్ని దీర్ఘకాలిక పేగు జబ్బుగా లెక్కేయండి. అప్పుడు కూడా స్కోప్ వరుసలో చివరే ఉండాలి.

మొదట పేడ పరీక్ష. కొంకి పురుగులు, జియార్డియా మన దగ్గర మామూలే. పరీక్షలో ఏమీ కనపడకపోయినా ఫెన్‌బెండజోల్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున రోజుకోసారి 5 రోజులు ఇచ్చేయండి. ఆ తర్వాత ఆహారం మార్చి 2 వారాలు చూడండి. హైడ్రోలైజ్డ్ మేతైనా (మాంసకృత్తుల్ని చిన్న ముక్కలుగా విరిచి చేసినది) సరే, ఆ కుక్క ఇంతవరకు తినని మాంసకృత్తు ఉన్న మేతైనా సరే. ఈ జబ్బుతో వచ్చే కుక్కల్లో సగానికి పైగా మేత మార్పుతోనే తేరుకుంటాయి. మన ఇళ్లలో ఈ పరీక్ష చెడేది మేత వల్ల కాదు. పొద్దున్నే నాయనమ్మ టీలో ముంచి పెట్టే బిస్కెట్, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి చికెన్ ఎముక దాన్ని చెడగొడతాయి. ‘బయటిది ఏమీ పెట్టట్లేదు డాక్టరుగారూ’ అన్న మాటతో ఆగిపోకుండా, ఇంట్లో ఎవరెవరు ఏమేం పెడుతున్నారో ఒక్కొక్కరి పేరు పెట్టి అడగండి.

రక్తంలో చూడాల్సినవి నాలుగున్నాయి. బేసల్ కార్టిసాల్ 2 మైక్రోగ్రాములు/డె.లీ. కంటే ఎక్కువుంటే ఆడిసన్ జబ్బు (అడ్రినల్ గ్రంథుల హార్మోన్లు చాలకపోవడం) లేనట్టే. తక్కువుంటే ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథిని ప్రేరేపించే హార్మోన్) ఇచ్చి చేసే పరీక్ష చేయకుండా ముందుకు పోవద్దు. సోడియం, పొటాషియం మామూలుగా ఉన్నా ఆడిసన్ ఉండొచ్చు. బాగా తింటూనే చిక్కిపోతున్న జర్మన్ షెపర్డ్‌కు టీఎల్ఐ (పాంక్రియాస్ ఎంజైము చాలినంత ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష) తప్పనిసరి. పాంక్రియాస్ ఎంజైములు లేని కుక్కకు స్కోప్ వేసి ఏం లాభం? మూడోది బీ12. నాలుగోది ఆల్బుమిన్ అనే రక్తంలోని మాంసకృత్తు. ఇది 2 గ్రాములు/డె.లీ. లోపు ఉంటే మత్తు ప్రమాదం పెరుగుతుంది. అలాంటి కుక్కకు పొట్ట కోసి పేగు గోడ ముక్క తీస్తే కుట్లు విడిపోయే భయం ఉంటుంది కాబట్టి స్కోప్ బయాప్సీయే మేలు.

ప్లేట్‌లెట్లు చూడకుండా ఫోర్సెప్స్ (ముక్క తుంచే చిమటా) ముట్టుకోవద్దు. గోమార్ల వల్ల వచ్చే, ప్లేట్‌లెట్లను తగ్గించే ఎర్లిషియా జబ్బు మన ప్రాంతంలో విపరీతం. మెషీన్ ఇచ్చిన అంకెను స్లైడ్ మీద సరిచూసుకోండి. ఆయిల్ ఇమ్మర్షన్‌లో 10 ఫీల్డులు లెక్కపెట్టి, సగటును 15 వేలతో గుణించండి. ఫీల్డుకు రెండు మూడే కనిపిస్తే 50 వేల లోపు ఉన్నట్టు, బయాప్సీ వాయిదా వేయండి. స్లైడ్ చివర ప్లేట్‌లెట్లు గుంపు కట్టి ఉంటే ఈ లెక్క చెల్లదు.

అల్ట్రాసౌండ్ కూడా ముందే చేయించండి. గడ్డ జెజునం (చిన్నపేగు నడిమి భాగం) మధ్యలో ఉంటే స్కోప్ అంత దూరం పోదు. పేగులో పేగు దూరి ఉంటే అది సర్జన్ పని.

ఇంకో సంగతి. ‘ముందు కాస్త ప్రెడ్నిసోలోన్ ఇచ్చి చూద్దాం’ అనే అలవాటు వదలండి. స్టెరాయిడ్ పడితే లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) కణాలు కొన్నాళ్లు తగ్గి, బయాప్సీలో మామూలు వాపులా కనిపిస్తుంది. ఇప్పటికే వాడుతుంటే, కుక్క పరిస్థితి అనుమతిస్తే, క్రమంగా ఆపి కనీసం 2 వారాల ఎడం ఇవ్వండి.

పస్తు, మత్తు

పై భాగం మాత్రమే చూడాలంటే 12 నుంచి 18 గంటలు మేత ఆపితే చాలు, నీళ్లు చివరి 4 గంటలు. సుక్రల్‌ఫేట్ ముందు రోజే ఆపండి, జీర్ణాశయం గోడకు తెల్లగా అంటుకుని ఏమీ కనిపించనివ్వదు. బేరియం ఎక్స్‌రే తీసి ఉంటే కనీసం 24 గంటలు ఆగండి, అది చానల్లో (స్కోప్ లోపలి సన్నటి దారిలో) గడ్డకడితే స్కోపుకే ముప్పు.

పెద్దపేగు కూడా చూడాలంటే తయారీ మరో రకం. 24 నుంచి 36 గంటల పస్తు. ముందు రోజు సాయంత్రం పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం కిలోకు 25 నుంచి 30 మి.లీ., నాలుగైదు గంటల తేడాతో రెండుసార్లు, పొట్టలోకి వేసిన గొట్టం ద్వారా. సిరంజితో నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే కుక్క చనిపోవచ్చు. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి గోరువెచ్చని నీళ్లతో ఎనిమా, కిలోకు 10 నుంచి 20 మి.లీ. చివరి ఎనిమాకు, స్కోపుకు మధ్య గంటన్నర ఎడం ఉంచండి. పొద్దున బయటికొచ్చే నీరు లేత పసుపుగా, దాదాపు తేటగా ఉండాలి. ఇంకా ముద్దలొస్తుంటే ఆ రోజు పెద్దపేగు జోలికి పోకండి.

మత్తు పూర్తి మత్తే కావాలి. కఫ్ ఉన్న ట్యూబు గొంతులో వేసి, కఫ్‌లో గాలి నింపి ఉండాలి. ప్రీమెడికేషన్‌కు బ్యుటార్ఫనాల్ కిలోకు 0.2 నుంచి 0.4 మి.గ్రా. బాగా పనిచేస్తుంది. మార్ఫిన్ లాంటివి పైలోరస్‌ను (జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి తెరుచుకునే ద్వారాన్ని) బిగిస్తాయి, తర్వాత ఆ ద్వారం దగ్గర అరగంట కుస్తీ పట్టాల్సి వస్తుంది. ఇండక్షన్‌కు ప్రోపోఫాల్ నెమ్మదిగా, అవసరమైనంతే. ఆల్బుమిన్ తక్కువున్న కుక్కకు మామూలు డోసులో సగానికే పడిపోవచ్చు. తర్వాత ఐసోఫ్లూరేన్. నైట్రస్ ఆక్సైడ్ వద్దు, అది పేగులోని గాలిలోకి చేరి ఉబ్బరం పెంచుతుంది. అట్రోపిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకోండి.

కుక్కను ఎడమ పక్కకు పడుకోబెట్టండి. అప్పుడు పైలోరస్ పైకి వస్తుంది, గాలి అక్కడికి చేరి దారి తెరుచుకుంటుంది. కుడి పక్కకు పడుకోబెడితే పైలోరస్ నీళ్లలో మునిగి కనిపించదు. నోట్లో గాగ్ (నోరు మూసుకోకుండా పట్టే అడ్డు) లేకుండా స్కోప్ లోపలికి పంపకండి. మత్తు ఒక్క క్షణం తేలిక పడి కుక్క పళ్లు కొరికితే లక్షల స్కోప్ అక్కడితో సరి.

స్కోప్ ఎంత ఉండాలి

బయటి మందం 8 నుంచి 9 మి.మీ., చానల్ 2.8 మి.మీ. ఉన్న గ్యాస్ట్రోస్కోప్ మధ్యస్థ కుక్కలకు సరిపోతుంది. చానల్ 2 మి.మీ. అయితే ఫోర్సెప్స్ చిన్నది, ముక్క చిన్నది, రిపోర్టు కూడా బలహీనం. మనుషుల ఆసుపత్రుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే స్కోపుల పొడవు ఎక్కువగా మీటరు చిల్లరే. గ్రేట్ డేన్ లాంటి కుక్కలో డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) దాకా అది అందదు, 140 సెం.మీ. కావాలి. కొనేటప్పుడు ఈ రెండు కొలతలూ అడగండి.

దారి

అన్నవాహికలో పోతూ పోతూ చూడండి, కానీ ఇప్పుడే ఏదీ తుంచకండి. జీర్ణాశయంలోకి రాగానే చాలామంది చేసే తప్పు గాలి ఊదేయడం. మడతలు కాస్త విడిపడేంత చాలు. పొట్ట ఎంత ఉబ్బితే పైలోరస్ అంత బిగుస్తుంది, డయాఫ్రం మీద ఒత్తిడి పెరుగుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. సహాయకుడి చెయ్యి పొట్ట మీదే ఉంచమనండి. చర్మం మీద వేలితో తడితే డప్పులా మోగితే వెంటనే గాలి లాగేయండి.

పెద్ద వంపు వెంట మడతల్ని పట్టుకుని ముందుకు పోతే మడతలు తగ్గి నున్నటి ఆంట్రమ్ (పైలోరస్ ముందున్న భాగం) వస్తుంది. ఇక్కడ ఒక మాయ ఉంది. స్కోప్‌ను ముందుకు తోస్తుంటే తెర మీద పైలోరస్ దూరం జరుగుతున్నట్టు కనిపిస్తుంది. స్కోప్ మధ్యభాగం పెద్ద వంపును బయటికి నెడుతోందన్నమాట. మరింత తోయకుండా, కాస్త వెనక్కి లాగి, గాలి తీసి, మళ్లీ వెళ్లండి. ద్వారాన్ని తెర మధ్యలో నిలిపి, ఓపిగ్గా ఒత్తిడి పెట్టి ఉంచితే తనంతట తానే తెరుచుకుంటుంది. దాటగానే తెరంతా ఎర్రబడుతుంది, గోడకు తగిలారు. మొనను సాధారణంగా కిందికి, కుడికి తిప్పితే డుయోడినం కుహరం కనిపిస్తుంది.

డుయోడినం ముందు, పొట్ట తర్వాత. ఈ వరుస మార్చొద్దు. పొట్టలో ముందు ముక్కలు తీస్తూ కూర్చుంటే అది ఉబ్బి పైలోరస్ దాటడం కష్టమవుతుంది, పైగా రక్తం అడ్డొస్తుంది.

డుయోడినం గోడ ముఖమల్ గుడ్డలా ఉండాలి. మేసెంటరీకి (పేగును పట్టి ఉంచే పొరకు) ఎదురుగా వరుసగా కనిపించే పాలిపోయిన, కాస్త లోతైన మచ్చలు పేయర్స్ ప్యాచ్‌లు, మామూలుగా ఉండే లింఫ్ కణజాలం. వాటిని పుండ్లు అనుకుని రిపోర్టు రాయకండి. గోడంతా ఆవాలంత తెల్లటి చుక్కలుంటే లింఫాంజియెక్టేసియా (పేగులోని లింఫ్ నాళాలు ఉబ్బడం) అనుమానించండి. కంటికి అంతా నున్నగా, మామూలుగా కనిపించినా ముక్కలు తీయాల్సిందే. చూడటానికి బాగున్న పేగులోనే లింఫోమా బయటపడిన కేసులుంటాయి.

ముక్క తుంచడం

ఓవల్ కప్పు, మధ్యలో కిటికీ ఉన్న ఫోర్సెప్స్ మంచివి. మొద్దుబారినవి కోయవు, నలిపి పీకుతాయి.

గోడకు సమాంతరంగా పోతూ తుంచితే విల్లై కొనలే వస్తాయి. అందుకే ఇలా చేయండి. స్కోప్ వీలైనంత దూరం పంపి, మొనను గోడ వైపు తిప్పండి. ఫోర్సెప్స్‌ను మొన ముందే తెరవండి, ఎక్కువ బయటికి పోనివ్వొద్దు. సక్షన్ నొక్కి గాలి లాగితే గోడ తనే కప్పులోకి కుంగుతుంది. అప్పుడు నిటారుగా, ఒత్తిపట్టి మూయమనండి. మూశాక ఒక్కసారిగా లాగండి. లాగేటప్పుడు గోడ టెంటులా లేచి ‘టక్’మని వదిలితే లోతు దొరికినట్టు. ఏ ఆటంకం లేకుండా జారి వస్తే ముక్క పైపొరదే, లెక్కలో వేసుకోకండి.

ఒక్కో భాగం నుంచి 10 నుంచి 15 ముక్కలు తీయండి. చిన్న జంతు వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ 2008లో పేగు బయాప్సీలకు ఒక ప్రమాణం ప్రకటించింది. అప్పటి పరిశీలనల్లో తేలిందేమిటంటే, ముక్కలు నాణ్యంగా ఉంటే డుయోడినం నుంచి ఆరే సరిపోతాయి, నాసిరకం అయితే ఎన్ని ఉన్నా తక్కువే. మరి మీ ముక్క నాణ్యమైందో కాదో మత్తులో ఉండగా తెలియదు కదా, అందుకే పది దాటించమనేది. ల్యాబులో మంచి ముక్క అంటే పక్కపక్కనే నిలబడిన మూడు నాలుగు విల్లై, వాటి కింద క్రిప్టులు (విల్లై మొదళ్లలోని గుంతలు), అడుగున మస్కులారిస్ మ్యూకోజా (లోపొర అడుగున ఉండే పలచటి కండర పొర) దాకా ఉన్నది.

పొట్టలో మడత అంచుని పట్టుకోండి. బాడీ (నడిమి భాగం), ఇన్సిసురా (చిన్న వంపు మీది మడత), ఆంట్రమ్, కార్డియా (అన్నవాహిక కలిసే చోటు), నాలుగు చోట్లా. కార్డియా చూడాలంటే స్కోప్‌ను జె ఆకారంలో వెనక్కి మడవాలి. పుండు ఉంటే దాని అంచు నుంచి తీయండి, గుంత మధ్య నుంచి వద్దు, అక్కడ గోడ పలచనై చిల్లు పడుతుంది.

ఫోర్సెప్స్ నుంచి సీసాకు

మంచి ముక్కలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పళ్లున్న ట్వీజర్లతో పట్టుకుంటే నలిగిపోతుంది. 25 గేజ్ సూది మొనతో ముక్కను కప్పులోంచి మెల్లగా లేపండి. అది పెసరగింజంత కూడా ఉండదు, చుట్టచుట్టుకుని ఉంటుంది. సెలైన్‌తో తడిపిన హిస్టాలజీ స్పాంజి మీద పెట్టి, సూదితోనే విప్పి పరచండి. వెల్వెట్‌లా మెరిసే వైపు పైకి, తెల్లగా గరుకుగా ఉండే వైపు స్పాంజికి ఆనాలి. తలకిందులైతే టెక్నీషియన్ అడ్డంగా కోస్తాడు, విల్లై గుండ్రటి చుక్కలుగా కనిపిస్తాయి, పొడవు కొలవడం కుదరదు. స్పాంజికి బదులు పలచగా కోసి ఎండబెట్టిన కీరదోస ముక్క వాడే వాళ్లూ ఉన్నారు. ముక్క దానికి అతుక్కుంటుంది, ల్యాబులో పలచగా కోసే మైక్రోటోమ్ రెండింటినీ కలిపి కోసేస్తుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ ల్యాబుకు ముందు చెప్పి పంపితే పనిచేస్తుంది.

ముక్కలు గాజుగుడ్డ మీద ఆరిపోనివ్వొద్దు, ఏసీ గాలికి నిమిషాల్లో అంచులు ఎండుతాయి. స్పాంజిని క్యాసెట్‌లో (ముక్కలు పెట్టే చిల్లుల డబ్బాలో) పెట్టి మూసి 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ఇంట్లో కలుపుకోవాలంటే మార్కెట్లో దొరికే ఘాటు ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైబేసిక్ 6.5 గ్రాములు. ఫాస్ఫేట్లు వేయకుండా నీళ్లే కలిపితే ఆమ్లం పెరిగి స్లైడ్ మీద నల్లటి రేణువులు పడతాయి. ముక్కల పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండాలి. ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో పెట్టకండి.

డుయోడినానికి ఒక సీసా, పొట్టకు ఒకటి, ఇలియానికి (చిన్నపేగు చివరి భాగానికి) ఒకటి, పెద్దపేగుకు ఒకటి. పేరు సీసా ఒంటి మీద రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

ఫార్మలిన్‌లో వేయకముందు ఒక్కో చోటు నుంచి ఒక ముక్కను స్లైడ్ మీద మెల్లగా అద్ది రంగు వేసి చూడండి. లింఫోమా అయితే అక్కడే అనుమానం వస్తుంది. పొట్ట ముక్కను యూరియేజ్ ద్రావణంలో వేస్తే హెలికోబాక్టర్ ఉన్నప్పుడు గులాబీ రంగుకు మారుతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ అది సాధారణమే, ఒక్క రంగు చూసి మందులు మొదలెట్టొద్దు.

అన్నవాహికలో గడ్డ కనిపిస్తే

మింగింది వెంటనే కక్కేస్తున్న కుక్కలో, ముఖ్యంగా బయట తిరిగి పేడపురుగులు, బల్లులు తినే కుక్కలో, అన్నవాహిక చివర గుండ్రటి బుడిపె కనిపిస్తే స్పైరోసెర్కా లూపి అనే పురుగు అనుకోండి. బుడిపె నడిమి చిన్న చనుమొన లాంటి రంధ్రం ఉంటే దాదాపు ఖాయం. దాని గుడ్లు పేడలో అన్నిసార్లూ పడవు కాబట్టి స్కోప్ ఇక్కడ చాలా విలువైన పరీక్ష. నున్నటి బుడిపెను తుంచాల్సిన పని లేదు, డోరామెక్టిన్‌తో వైద్యం మొదలెట్టి మళ్లీ స్కోప్ వేసి చూడండి. కోలీ జాతి కుక్కకైతే ఆ మందు విషం కావచ్చు, ముందు జన్యు పరీక్ష చేయించండి. బుడిపె కాలీఫ్లవర్‌లా, పుండు పడి ఉంటే సార్కోమాగా మారిందేమో చూడాలి. పైన కుళ్లిన పొరే ఉంటుంది కాబట్టి ఒకే చోట మళ్లీ మళ్లీ తుంచి లోతుకు పోండి. ‘కుళ్లిన కణజాలం’ అని రిపోర్టు వస్తే క్యాన్సర్ లేదని అర్థం కాదు.

పెద్దపేగు, ఇలియం

డుయోడినం మామూలుగా ఉండి ఇలియంలో జబ్బు ఉండే కుక్కలు తక్కువేం కాదు. బీ12 బాగా తగ్గిన కుక్కలో ఇలియం వదలకండి. పెద్దపేగు నుంచి ఇలియంలోకి తెరుచుకునే వాల్వును స్కోప్ దాటకపోతే ఫోర్సెప్స్‌ను ఒక్కదాన్నే వాల్వులోంచి దూర్చి, ఆటంకం తగిలినచోట ఆగి, ఒత్తకుండా తుంచవచ్చు.

రక్తం, జిగురు కలిసిన విరేచనాలతో చిన్న వయసు బాక్సర్ లేదా ఫ్రెంచ్ బుల్‌డాగ్ వస్తే ల్యాబును పీఏఎస్ అనే ప్రత్యేక రంగు వేసి చూడమని అడగండి. కొన్ని ముక్కలు స్టెరైల్ సెలైన్‌లో కల్చర్‌కు కూడా పంపండి. గోడలోకి దూరిన ఈ.కోలై వల్ల వచ్చే గ్రాన్యులోమాటస్ కొలైటిస్‌కు మందు ఎన్రోఫ్లాక్సాసిన్. కల్చర్ లేకుండా అదే మందు అరకొరగా వాడితే బాక్టీరియా మొండికేస్తుంది. స్టెరాయిడ్ ఇస్తే జబ్బు ముదురుతుంది.

ఎదురయ్యే చిక్కులు

గుండె వేగం హఠాత్తుగా పడిపోతే ముందు గాలి తీయండి, అప్పటికీ లేవకపోతే అట్రోపిన్. పొట్టలో గాలి లాగినా కడుపు గట్టిగా బిగుసుకునే ఉంటే చిల్లు పడి గాలి బయటికి పోయిందన్నమాట. 18 గేజ్ సూదితో గాలి వదిలించి సర్జరీకి సిద్ధం కండి. తుంచిన చోట కొద్దిగా రక్తం ఊరడం సహజం, చల్లటి సెలైన్ పోసి రెండు నిమిషాలు చూస్తే ఆగుతుంది.

ముగించేముందు గాలి మొత్తం లాగేయండి. సాయంత్రానికి కొంచెం మెత్తటి మేత పెట్టొచ్చు. ఒక రోజు విరేచనంలో రక్తపు చారలు కనిపిస్తాయని యజమానికి ముందే చెప్పండి. మర్నాడు జ్వరం, కడుపునొప్పి, మూలన ముడుచుకు పడుకోవడం ఉంటే ఎక్స్‌రే తీయండి.

కడగడం అదే గంటలో. బయట తుడిచి, ఎంజైమ్ ద్రావణం చానల్ గుండా లాగి, లీక్ పరీక్ష చేసి, బ్రష్ వేసి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచి, నీళ్లతో, చివర 70 శాతం ఆల్కహాల్‌తో కడిగి, గాలి పంపి నిలువుగా వేలాడదీయండి. లీక్ పరీక్ష వదిలేసి ముంచితే నీరు లోపలికి చేరుతుంది, రిపేరు బిల్లు కొత్త స్కోప్ ధరకు దగ్గరవుతుంది. ఫోర్సెప్స్ ఆటోక్లేవ్‌కు.

రిపోర్టు వచ్చాక

రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల పాథాలజీ విభాగాలకైనా, ప్రైవేటు ల్యాబుకైనా, కవర్లో కేసు వివరం పెట్టి పంపండి: వయసు, జాతి, ఎన్ని వారాలు, ఆల్బుమిన్, బీ12, వాడిన మందులు, స్కోపులో కనిపించింది. వివరం లేని సీసాకు వచ్చే జవాబు ఒక్క వాక్యమే.

‘లింఫోప్లాస్మాసైటిక్ ఎంటరైటిస్ (లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు చేరిన పేగు వాపు), స్వల్పం’ అని వస్తే అది కణాల వర్ణన మాత్రమే, కారణం పేరు కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలోనూ స్వల్ప మార్పులుంటాయి. మేతకు తగ్గే జబ్బు, స్టెరాయిడ్‌కు తగ్గే జబ్బు మైక్రోస్కోప్ కింద ఒకేలా కనిపిస్తాయి. బరువు, ఆకలి, విరేచనాల సంఖ్య, ఆల్బుమిన్ ఎటు పోతున్నాయో చూసి నిర్ణయం తీసుకోండి.

వయసు మీరిన కుక్కలో ‘తీవ్రం’ అని వచ్చి మందులకు లొంగకపోతే లింఫోమా ప్రశ్న మళ్లీ లేస్తుంది. అప్పుడు అదే బ్లాకు మీద సీడీ3, సీడీ20 రంగులు (టీ, బీ లింఫోసైట్లను వేరుగా చూపేవి), పార్ పరీక్ష (లింఫోసైట్లన్నీ ఒకే కణం సంతతా అని జన్యువుల్లో చూసేది) చేయించొచ్చు, కుక్కకు మళ్లీ మత్తివ్వనక్కర్లేదు. అందుకే శాంపిల్ పంపే రోజే ఫారం మీద రాసేయండి: ‘పారాఫిన్ బ్లాకు పారేయవద్దు, ఏడాది ఉంచండి.’